ఒక్క ఊరి దేశం

ఆ ఎండాకాలం ఎట్లా నడిచిందో కిటికీలోంచి వచ్చిన వాసనలను బట్టే నాకు తెలుసు. మొదట పచ్చి మామిడికాయ జీడి వాసన, తరువాత వరిగడ్డిలో మాగుతున్న బేనీషా పండ్లు, చివరికి మండీ వెనక కుప్పపోసిన కుళ్ళు నీలం కాయలు. గదిలో వేరే కాలం లేదు.

నా భర్త జిలాన్ ఉగాదికి ముందు పాకాల రోడ్డులో లారీ తగిలి పోయాడు. ఆ సాయంత్రం నుంచి నేను ఇద్దత్‌లో ఉన్నాను. భర్త పోయిన స్త్రీ నాలుగు నెలల పది రోజులు ఇల్లు దాటకూడదు, పరాయి మగవాళ్ళ ఎదుట పడకూడదు. మా అత్తగారిల్లు దామలచెరువులో, మామిడి మండీకి వెనక. ముందువైపు వేలంపాటలు, లారీలు, హమాలీల కేకలు. వెనక ఒక వసారా, వసారాకు ఆనుకుని నా గది. రెంటికీ నడుమ ఆకుపచ్చ పరదా. పరదా అంచుకూ నేలకూ మధ్య బెత్తెడు సందు ఉండేది. అందులోంచి వసారాలో తిరిగే పాదాలు కనిపించేవి. కొన్నాళ్ళకు మనుషులను పాదాలతోనే గుర్తుపట్టడం అలవాటైంది.

గదిలో నాకు మిగిలింది జిలాన్ ల్యాప్‌టాప్. ఫొటోలు చూద్దామని ఒక మధ్యాహ్నం తెరిస్తే ఆట తెరుచుకుంది.

మండీ మూసేశాక ఆయన రోజూ ఆ ఆట ముందు కూర్చునేవాడు, నాకు వీపు పెట్టి. రెండేళ్ళ కాపురంలో ఆ వీపు నాకు తెలిసినంతగా ఆయన ముఖం తెలియదేమో. ఎడమ భుజం కొంచెం కిందికి వాలి ఉండేది. అన్నానికి పిలిస్తే "ఇంకొక్క వంతు" అనేవాడు. ఆ వీపు అవతల ఏముందో నేనెప్పుడూ తొంగి చూడలేదు. ఇప్పుడు అడ్డం లేదు.

తెర మీద ఒక పటం. నేలంతా ఆరు మూలల గడులు. చాలా భాగం మబ్బు కమ్మినట్టు నల్లగా ఉంది. సముద్రం ఒడ్డున ఒక ఊరు. ఆ ఊరి నుంచి చుక్కల గీతలు ఉత్తరం వైపుకు పోతున్నాయి. గీతల మీద చిన్న చిన్న బండ్లు, ఓడలు. ఏదో నొక్కాను. డప్పు మోగింది.

వసారాలో కంచం కదిలిన చప్పుడు ఆగిపోయింది.

"భాబీ, అది అన్న ఆట గదా?"

జిలాన్ తమ్ముడు షాకిర్. బెంగుళూరులో ఉద్యోగం వదిలిపెట్టి మండీ చూసుకోవడానికి వచ్చాడు. గొంతు అచ్చం ఆయనదే. శబ్దం తగ్గించాను.

"ఆపొద్దు. యాడ ఉండాడు అన్న?" అన్నాడు. వెంటనే, "అంటే... యాడ ఆపినాడు?"

ఆ సవరణ ఇద్దరికీ తగిలింది.

"సముద్రం ఒడ్డున ఊరొకటి ఉండాది. దామలచెరువని పేరు పెట్టినాడు" అన్నాను.

అవతల ముక్కుతో నవ్వు వినిపించింది. "దామలచెరువుకు సముద్రం తెచ్చినాడు సూడు మావోడు."

"యాడ సముద్రం?" అంది మా అత్త రంజాన్‌బీ. ఆమె రోజూ మధ్యాహ్నం పరదా పక్కనే గోడకు ఆనుకుని కూర్చుని వెల్లుల్లి ఒలిచేది. మేం మాట్లాడుకుంటే ఆమె ఎదుటే మాట్లాడుకోవాలి. అది ఎవరూ చెప్పని ఏర్పాటు.

"ఆటలో అమ్మీ. నువ్వు ఒలుసుకో." షాకిర్ గొంతు పరదాకు దగ్గరైంది. "భాబీ, అది ఒక్క ఊరి దేశం. మిగతా దేశాలోళ్ళు ఊరి మీద ఊరు కట్టుకుంటా పోతారు. దీనికి రెండో ఊరు కట్టే వీలు లేదు. కూసున్న కాడ్నించే బతకాల."

"కూసున్నోళ్ళు ఎట్ల గెలుస్తారు?"

"మనం కదలం. మన బిడారులు కదుల్తాయి. మిగతావాళ్ళకంటే మనకు రెట్టింపు దారులు ఇస్తారు. దగ్గరూళ్ళకు పంపద్దు, దూరానికి పంపు. నేల మీద కంటే నీళ్ళ మీద పంపితే ఎక్కువొస్తాది. చిన్న చిన్న ఊళ్ళు ఉంటాయి సూడు, ఏ రాజుకిందా లేకుండా. వాటికి కానుకలు పంపి మంచి చేసుకో. రేపు అందరూ కూసుని ఓటేసే రోజొకటి వస్తాది, అప్పుడు అవే మన పక్క."

"సైన్యం?"

"అది మనకు చేతగాదు. మనం బతికుంటేనే వాళ్ళకు లాభమనిపించాల, అంతే. నీతో అవసరం ఉండేవాడు నీ మీదికి రాడు భాబీ. మన కోట గోడ అదే."

"ఇది మీ నాయన మండీ మాదిరే ఉండాదే" అంది అత్త.

"అందుకే అన్న అది పట్టుకున్నాడు" అన్నాడు షాకిర్. "ఇంకోటి గుర్తుపెట్టుకో భాబీ. నీ వంతు నడిచేంతసేపు ఎవరూ కదలరు. ఎంతసేపైనా ఆలోచించుకోవచ్చు. తొందరపడి వంతు ముగించేయద్దు."

ఆ రోజు నుంచి మధ్యాహ్నం వేలంపాటలు సద్దుమణిగాక అతను వసారాలో అన్నం తినడానికి వచ్చి, పరదా అవతల కూర్చునేవాడు. అతనికి తెర కనిపించదు. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. అతను పటాన్ని తలలోనే పరుచుకుని, "పడమటి కనుమ కాడ దొంగలుంటారు, బిడారుకు ఒక కావలివాణ్ణి తోడిచ్చి పంపు" అనేవాడు. నేను చూడకుండా పోయిన రెండేళ్ళను, చూడలేనివాడు నాకు చూపిస్తున్నాడు. అది ఊరటో శిక్షో తేల్చుకోలేకపోయాను. ఆట మీద ఇష్టం పుట్టింది. ఇష్టం పుట్టినందుకు సిగ్గుగా కూడా ఉంది.

అత్తకు ఆట అర్థం కాలేదు గాని పట్టుకుంది. పొద్దున కాఫీ గ్లాసు పరదా కింద నుంచి తోస్తూ, "మన ఊరెట్లుండాది? ఎవడన్నా మీదికొచ్చినాడా?" అని అడిగేది.

*

నా బిడారు ఒకటి ఆటలో కాదు, నిజంగానే నడిచేది. అది ఫోను.

మా మండీ నుంచి బేనీషా మద్రాసులో కోయంబేడు మార్కెట్టుకు పోతుంది. అక్కడ సరుకు దించుకునే వ్యాపారి ఏకాంబరం. తెలుగు ముక్క రాదు. చిత్తూరు వైపు తమిళం రాని వ్యాపారి ఉండడు గాని, మా మామ దావూద్‌కు ఫోనులో తెలుగే వినపడదు. ఆయన చెవులు వేలంపాటల్లో అరిచి అరిచి పోయాయని అత్త అంటుంది. జిలాన్ ఉన్నన్నాళ్ళూ ఆ ఫోను ఆయనే మాట్లాడేవాడు. షాకిర్ చదువంతా బెంగుళూరు హాస్టళ్ళలో, కన్నడమే వచ్చు. నేను పుట్టి పెరిగింది తడలో, తమిళనాడు సరిహద్దు మీద. నా ఉర్దూ విని అత్తింటివాళ్ళు నవ్వుతారు. అందుకే నాతో తెలుగే మాట్లాడతారు. తమిళం మాత్రం నాకు నీళ్ళలా వస్తుంది.

అవసరానికి గొంతు వినిపిస్తే తప్పు లేదని మసీదు హజ్రత్ అన్నాడట. ఫోను మోగగానే మామ పాదాలు పరిగెత్తుకుంటూ వచ్చేవి. దుమ్ము పట్టిన చెప్పుల పక్కకు ఒక చెయ్యి దిగేది. పరదా కింది సందులోంచి ఫోను నా ముందుకు జారేది.

"ఏమంటాడు, ఏమంటాడు?" అని మామ అరిచేవాడు.

"నిన్నటి కాయలో మచ్చ ఉండాదంట మామా. ఈసారి కింది వరసలో సూసి పెట్టమంటా ఉండాడు."

"మచ్చ వాడి మొహాన ఉండాది! ఈ సంగతి మాత్రం చెప్పద్దు."

నేను రెండిటినీ మెత్తబరిచి అటూ ఇటూ చేరవేసేదాన్ని. ఏకాంబరం నన్ను 'పాపా' అని పిలిచేవాడు. పెట్టెకు నాలుగు పైసలు ఎక్కువే వచ్చేలా మాట్లాడేదాన్ని. ఒకనాడు లారీ కదిలాక మామ పరదా ముందు నిలబడి, ఎవరికో చెబుతున్నట్టు గట్టిగా అన్నాడు: "నాజియా లేకుంటే ఈ సీజను గోవిందా. ఈ బిడ్డను వదులుకునే ఇల్లు ఇల్లా?"

సంతోషమైంది. ఎవరైనా నన్ను పొగిడి నెలలు దాటాయి. ఆ సంతోషం కాసేపటికి చల్లబడ్డాక కింద ఇంకేదో తగిలింది. నీతో అవసరం ఉండేవాడు నీ మీదికి రాడు అన్నాడు షాకిర్. నిజమే. మీదికి రాడు. వదిలిపెట్టడు కూడా. ఒక దేశాన్ని కాపాడే ఎత్తు ఒక మనిషికి తాళమవుతుందని ఆటలో ఎక్కడా రాసి లేదు.

తాళం ఎక్కడ పడుతున్నదో చెబుతాను.

ఇద్దత్‌లో ఉన్న మనిషితో పెళ్ళి మాట విప్పి చెప్పకూడదు. అది మా కట్టడి. చూచాయగా అంటే తప్పు లేదంటారు. అందుకని మా ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు. అందరూ అనకుండా అంటూనే ఉన్నారు.

"మిద్దె మీది గదికి సున్నం కొట్టిస్తా ఉండాం" అంది అత్త ఒకరోజు. "గాలి బాగా వస్తాది. నీకు ఏ రంగు బాగుంటాదంటావు?"

"ఎవరికమ్మీ గది?"

"ఉండేవాళ్ళకి."

"ఎవరుంటారు?"

"ఇల్లంటే ఎవరో ఒకరు ఉంటారు గదా. నీలం వేయిద్దామా?" వెల్లుల్లి పొట్టు ఊదిన చప్పుడు. "షాకిర్‌కు ఉలవచారు ఇష్టం. జిలాన్ మాదిరి కాదు, వానికి కారం తక్కువుండాల. తెలిసి పెట్టుకుంటే మంచిది."

ఆమె చెడ్డ మనిషి కాదు. కొడుకు గుడ్డలు ఉతకకుండా దాచుకుని వాసన చూసుకునే మనిషి. నన్ను చూస్తే ఆమెకు జిలాన్ సగం మిగిలినట్టుంటుంది. ఆ సగాన్ని ఇంట్లోనే ఉంచుకోవడానికి ఇంకో కొడుకు ఉన్నాడు. ఆమె మనసులో అది దయ. నా మనసులో దానికి పేరు దొరకలేదు.

తడ నుంచి కృపామణి ఫోన్ చేసేది. పెళ్ళికి ముందు నేనూ ఆమే ఆ వైపు ఒక ఫ్యాక్టరీలో పనిచేశాం, దాని హాస్టల్లో ఒకే గదిలో ఉన్నాం. తను ఇంకా అక్కడే ఉంది.

"ఏమే, నీ మంచం ఇంకా ఉండాది ఈడ. దాని మీద నా బట్టలు పెట్టుకుంటా ఉండా, అంతే. సూపర్‌వైజరు నిన్నడిగినాడు. ఆగస్టులో మనుషుల్ని తీసుకుంటారంట."

"సూస్తా."

"సూసేదేముండాది? మీ అత్త పెళ్ళి అనిందా?"

"అనలా. అనకూడదు."

"అయితే వద్దని చెప్పు."

"అడగనిదానికి వద్దని ఎట్ల చెప్పేది? నేనే పెళ్ళి మాట ఎత్తినట్టయితాది. మొగుడు పోయి మూడు నెల్లు కాలా, దీనికప్పుడే ఆ ధ్యాస అంటారు."

"అయితే ఊరికే ఉండు."

"ఊరికే ఉంటే సరేనన్నట్టే గదే."

"మీ ఇల్లు నాకర్థం కాదే తల్లీ" అంది కృపామణి.

పరదా ఎంత తేలికైనదో నాకు తెలుసు. ఊపిరికి కదులుతుంది. చేత్తో తోస్తే పక్కకు పోతుంది. గోడకు తల కొట్టుకోవచ్చు, పరదాతో అది కూడా కుదరదు.

*

ఎండలు ముదిరిన ఒక మధ్యాహ్నం ఉత్తరాది రాజు మన మీద యుద్ధం ప్రకటించాడు.

జిలాన్ తన బిడారులన్నిటినీ ఆ రాజు ఊళ్ళకే పంపి ఉన్నాడు. అందరికంటే ఎక్కువ ఇచ్చేది వాడే. నేనూ మార్చలేదు. మార్చాలన్నా దారి గడువు తీరేదాకా మార్చలేం. ఒకసారి బయలుదేరిన బిడారు గడువయ్యాకే ఊరికి తిరిగివస్తుంది. ఒక్క వంతులో చుక్కల గీతలన్నీ మాయమయ్యాయి. బండ్లు ఎక్కడివక్కడ దోచేశారు. ఊరొక్కటి బోసిగా మిగిలింది.

"అన్నీ పోయినాయి" అన్నాను.

"ఎన్ని?"

"అన్నీ."

పరదా అవతల అతను మెల్లగా, "అన్నకు అదొక గుణం భాబీ. ఒకణ్ణి నమ్మితే మొత్తం వాని మీదే పెట్టేస్తాడు. ఎన్నిసార్లు చెప్పినా... నాలుగు దిక్కులకు పంపరా అన్నా, ఒకడు తలుపేస్తే ఇంకొకడుంటాడు అని..." మాట తెగిపోయింది. సందులోంచి అతని పాదాలు కనిపించాయి. కాలివేళ్ళు ముడుచుకుని ఉన్నాయి.

"ఏడుస్తా ఉండావా?" అంది అత్త.

"బండ్లు పోయినాయమ్మీ."

"బండ్లకేమిరా" అంటూనే ఆమె కూడా ఏడ్చింది. జిలాన్ పోయాక మేం ముగ్గురం ఒకే కారణానికి ఏడ్చింది అదే మొదటిసారి. ఆట నెపం లేకుండా ఉంటే అది కుదిరేది కాదేమో.

కాసేపయ్యాక షాకిర్ ముక్కు చీదుకుని వచ్చి కూర్చున్నాడు. "బెంగుళూరులో మా ఇంటి ఓనరు ఫోన్ చేసినాడు ఈ పొద్దు. నా బండి వాళ్ళ మెట్ల కిందే ఉండాది. ఎప్పుడు తీసుకపోతావంటాడు."

"ఏం చెప్పినావు?"

"వస్తా అన్నా."

"ఎప్పుడు?"

అతను నవ్వాడు. "రెండో ఊరు లేదు గదా భాబీ మనకు."

ఆ మాటతో నాకు మొదటిసారి తట్టింది, పరదాకు రెండు పక్కలుంటాయని. అతన్నీ ఎవరూ అడగలేదు. అతనికి ఇష్టం లేదని చెప్పడం లేదు నేను. ఇష్టమో కాదో అతనికే తెలియనంత నెమ్మదిగా అది అతని మీద పడుతూ వచ్చింది. రోజూ మధ్యాహ్నం మా మాటలు వింటూ అత్త వెల్లుల్లి ఒలవడం తగ్గించి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. సందులోంచి కనిపించే ఆ చేతుల్లో ఒక నిశ్చింత. ఆట కోసం మేం మాట్లాడుకున్న ప్రతి మాటా మిద్దె మీది గదికి ఒక పూత.

మేం మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి బిడారులను నాలుగు దిక్కులకు పంపాను.

తమిళం పాఠాలు కూడా అప్పుడే మొదలయ్యాయి. సరదాగా. "ఊరికే నేర్పించుకుంటా ఉండావు, నా కూలి ఏది?" అని అతను అడిగితే, "తమిళం నేర్పిస్తా తీసుకో" అన్నాను. అతను ఏకాంబరాన్ని అనుకరించి నన్ను నవ్వించేవాడు. నేను నవ్వితే అత్త పాదాలు పరదా వైపు తిరిగేవి.

*

నీలం కాయ దిగుబడి మొదలైన రోజుల్లో నా ఊరు కోలుకుంది. ఖజానా నిండింది. ఆట అప్పుడు నాకొక వర్తకుణ్ణి ఇచ్చింది. మామూలు బండి కాదు, గడ్డం, తలపాగా ఉన్న మనిషి.

"అబ్బా, వచ్చినాడా!" అన్నాడు షాకిర్. కంచం పక్కన పెట్టిన చప్పుడు. "ఈ దేశానికి అసలు బలం వాడే భాబీ. మనం ఊరు కట్టలేం గదా, కొనొచ్చు. ఏ రాజుకిందా లేని చిన్న ఊరి కాడికి వాణ్ణి పంపు. బటన్ వస్తాది. నొక్కితే ఆ ఊరు మనది."

తూర్పు కొసన ఒక చిన్న ఊరు ఉంది. దాని పేరు నా నోరు తిరిగేది కాదు. రెండు రాజ్యాల నడుమ, ఉప్పునీటి పక్కన ఉంటుందని నేను దాన్ని తడ అనుకునేదాన్ని. ఎవరి జోలికీ పోదు. నేను కానుకలు పంపితే తీసుకుంటుంది, నా పక్క ఓటేస్తుంది, తన గోడలు తాను కట్టుకుంటుంది.

వర్తకుడు నడిచి నడిచి ఆ ఊరి గోడ ముందు నిలబడ్డాడు. బటన్ వచ్చింది.

"కొన్నాక ఏమయితాది?" అన్నాను.

"మన రంగు వచ్చేస్తాది. దాని రాబడి మనకే. కానీ అది ఏం కట్టాల, ఏం చెయ్యాల అనేది మన చేతిలో ఉండదు, దాని చేతిలోనూ ఉండదు. అట్ల ఉంటాది, అంతే. కొట్లాట గిట్లాట ఏమీ ఉండదు. బాజా మోగుతాది."

"బాజా ఎందుకు?"

"సంతోషానికి."

అత్త నవ్వింది. "కొనేయ్ బేటీ. ఇంటికి ఇంకో ఊరొస్తా ఉంటే ఆలోచిస్తా ఉండావే."

నా వేలు ఆగింది. ఆలోచించి అన్న మాట కాదు, నోట్లోంచి వచ్చేసింది.

"దాన్ని అడగరా?"

"దేన్ని?" అన్నాడు షాకిర్.

"ఆ ఊరిని."

"అడిగే బటన్ లేదు భాబీ ఆటలో" అని నవ్వబోయాడు. నవ్వు సగంలో నిలిచిపోయింది.

మండీలో ఎవరో పెట్టెలకు మేకులు కొడుతున్నారు. అత్త వేళ్ళ మధ్య వెల్లుల్లి రెబ్బ పుటుక్కుమంది. పరదా అవతల అతని పాదాలు కదల్లేదు. నేను బటన్ నొక్కలేదు, వంతు ముగించలేదు. తెర మీద వర్తకుడు గోడ ముందు నిలబడి కాలు మార్చి కాలు మీద బరువు వేస్తున్నాడు. ఆటలో ఖాళీగా ఉన్నవాళ్ళు అట్లా చేస్తారు.

"చెయ్యి కడుక్కోని వస్తా" అని అతను లేచిపోయాడు. ఆ మధ్యాహ్నం తిరిగి రాలేదు. మరుసటి రోజూ రాలేదు.

నేను ఏం చేశానో నాకు తెలుసు. కట్టడి దాటకుండా చూచాయగా అన్నాను. చూచాయలు వాళ్ళకే కాదు, నాకూ ఉన్నాయని అంతవరకు తోచలేదు. కాని ఆ మాటతో నేను అతన్ని గాయపరిచానా, విడిపించానా? గదిలో కూర్చుని రెండు రోజులు అదే తిప్పుకున్నాను. అతను రాకపోతే నాకు బాధగా ఉందని కూడా తెలిసింది. ఆ బాధ జిలాన్ గొంతు కోసమా, షాకిర్ కోసమా? గొంతునూ మనిషినీ విడదీసి చూడగలిగే చోట నేను లేను. అక్కడి నుంచి తేల్చుకుంటే అది తేల్చుకోవడం కాదు. అంతమట్టుకు స్పష్టంగా తెలిసింది.

మూడో రోజు పాదాలు వచ్చాయి.

"ఆట వద్దులే ఈ పొద్దు" అన్నాడు. "తమిళం చెప్పు. సరిగ్గా చెప్పు. లారీ బయలుదేరిపోయింది అనాలంటే ఎట్ల?"

"లారీ కిళంబియాచ్చు."

"కిలంబి..."

"ల కాదు. నాలిక వెనక్కి మడువు. కిళం."

"కిళంబియాచ్చు. పొద్దున్నకి వచ్చేస్తాది?"

"కాలైల వందిడుం."

"కాయలో మచ్చ లేదు, నువ్వే సరిగ్గా సూడలా?"

"అది చెప్పకూడదు. 'పాత్తుక్కలాం అణ్ణే' అను. చూసుకుందాంలే అన్నా అని."

అతను రోజూ వచ్చాడు. వాక్యం వెంట వాక్యం. ఏకాంబరం ఎప్పుడు గొణుగుతాడు, ఎప్పుడు బేరానికి లోబడతాడు, భార్య ఆరోగ్యం అడిగితే ఎట్లా మెత్తబడతాడు, అన్నీ చెప్పాను. నేను ఆ ఇంటికి ఎందుకు కావాలో ఆ కారణాలన్నీ ఒక్కొక్కటే తీసి అతని చేతిలో పెడుతున్నాను. అతనికి తెలుసు. తెలిసీ చెయ్యి చాపుతున్నాడు. మా ఇద్దరిలో ఒక్కరం కూడా ఆ సంగతి ఎత్తలేదు.

"యాలరా ఇదంతా నీకు?" అంది అత్త ఒకరోజు. "నాజియా ఉండాది గదా."

"వ్యాపారం చేసేవానికి భాష వద్దా అమ్మీ?" అన్నాడు. తరువాత గొంతు మార్చకుండానే, పరదా వైపు, "రేపట్నించి ఏకాంబరం ఫోను నేనెత్తుతాలే భాబీ" అన్నాడు.

"తప్పులు పోతాయి."

"పోనీ. నవ్వుతాడు, అంతే గదా. నవ్వనీ."

మరునాడు ఫోను మోగింది. పరదా కింది సందు వైపు చూస్తూ కూర్చున్నాను. ఏదీ జారి రాలేదు.

*

ఇద్దత్ ముగిసిన రోజు మా నాయన తడ నుంచి కొత్త బట్టలు తీసుకుని వచ్చాడు. పుట్టింటి బట్టలు కట్టుకుని గడప దాటడం మా వాడుక. స్నానం చేసి, లేత పసుపు రంగు బట్టలు వేసుకుని, నేనే పరదా పక్కకు తోశాను. చెయ్యి తగలగానే తొలగిపోయింది.

వసారాలో అందరూ ఉన్నారు. మామ, చాప మీద నాయన, గోడకు ఆనుకుని అత్త. షాకిర్ మండీ గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. ఇన్ని నెలల తరువాత ముఖం చూశాను. జిలాన్‌కు ఏ పోలికా లేదన్న సంగతే మరిచిపోయాను. గుండ్రటి ముఖం, పలచటి మీసం, కళ్ళ కింద నలుపు. ఆ గొంతు ఆ ముఖంలోంచి వస్తుందంటే నమ్మలేకపోయాను.

అత్త కొంగు ముడి విప్పింది. అందులో మిద్దె గది తాళంచెవి. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెయ్యి పట్టుకుంది.

"ఇంతకాలం మాట్లాడకూడదు, మాట్లాడలా" అని మొదలుపెట్టింది. "ఇప్పుడు మీ నాయన కూడా ఉండాడు. నాజియా, నేననేదేమంటే..."

ఫోను మోగింది. మామ ఉలిక్కిపడి దాన్ని తీసి, పాత అలవాటుగా నా వైపు చాపాడు. "ఏకాంబరం! ఇదో నాజియా!"

నా చెయ్యి సగం లేచింది. ఆపడానికి బలం కావలసి వచ్చింది. ఒళ్ళో పెట్టుకున్నాను.

షాకిర్ నాలుగడుగులు వేసి మామ చేతిలోంచి ఫోను తీసుకున్నాడు. "సొల్లుంగ అణ్ణే" అన్నాడు, చెప్పన్నా అని. అటు నుంచి ఏదో అరుపు. ఇతను తడబడ్డాడు, నవ్వాడు, ఏకాంబరం భార్య మోకాలి నొప్పి సంగతి అడిగాడు, పెట్టెల సంగతి చెప్పాడు. నాలిక మడిచాడు. రెండు తప్పులు పోయాయి. పని జరిగింది.

మామ ఖాళీ చెయ్యి ఇంకా చాపే ఉంచి చూస్తున్నాడు. అత్త కొడుకును చూసింది. నన్ను చూసింది. నెలల తరబడి గోడకు ఆనుకుని విన్నదంతా ఆమె ముఖంలో ఇంకో వరసలో సర్దుకుంటున్నది. ఒక్క మాటతో ఆమె ఇంకా నన్ను ఆపగలదు. ఏడిస్తే చాలు, నేను ఆగిపోతాను. అది మా ఇద్దరికీ తెలుసు.

చాలాసేపటికి, "పోతావా?" అంది.

ఆ కాలమంతటిలో నన్ను ఎవరైనా అడిగిన మొదటి మాట అది.

"పోతానమ్మీ."

ఆమె నా చెయ్యి వదల్లేదు వెంటనే. ఇంకో చేత్తో తాళంచెవిని కొంగున పెట్టుకుని ముడి వేసుకోవడానికి చూసింది. ఒంటి చేత్తో ముడి పడలేదు. అప్పుడు నా చెయ్యి వదిలింది.

బయలుదేరేముందు ల్యాప్‌టాప్ తెచ్చి షాకిర్‌కు ఇచ్చాను. ఎదురుగా నిలబడి మాట్లాడటం ఇద్దరికీ కొత్తగా ఉంది. అతను నా చెప్పుల వైపు చూస్తున్నాడు.

"ఆ ఊరిని కొన్నావా?"

"లేదు. వర్తకుడు గోడ ముందే ఉండాడు. వంతు ముగించలా."

"ఇన్నాళ్ళూనా?"

"నీకే ఉంచినా. నువ్వు ఎట్లైనా ఆడుకో."

అతను తల ఊపాడు. ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని, ఏమో అనబోయి, "కృపామణిని అడిగినానని చెప్పు" అన్నాడు. అతను ఆమెను ఎన్నడూ చూడలేదు. గదిలోంచి నేను మాట్లాడినవన్నీ వసారాలోకి వినిపించేవని అప్పుడు తెలిసింది.

ఆటో మండీ ముందు నుంచి తిరిగింది. గడ్డి, పగిలిన పెట్టెలు, నీలం వాసన. పరదాలోంచి కాకుండా చూస్తే అంతా చిన్నదిగా ఉంది. లోపల జిలాన్ కుర్చీలో ఎవరో రోడ్డుకు వీపు పెట్టి కూర్చుని ఉన్నారు. ఎడమ భుజం కిందికి వాలి ఉంది.

గొంతు పోలిక కాదు, ముఖం పోలిక కాదు. ఆ కుర్చీలో కూర్చుంటే ఎవరికైనా అట్లా వాలుతుందేమో, నాకు తెలియదు. మా నాయన ఏదో అడుగుతున్నాడు, నాకు వినిపించలేదు. ఆ కుర్చీలోంచే షాకిర్ ఫోను చెవికి ఆనించుకుని, నేను నేర్పినట్టే, నాలిక వెనక్కి మడిచి, బయలుదేరిపోయిందని గట్టిగా చెబుతున్నాడు.

"కిళంబియాచ్చు అణ్ణే. కిళంబియాచ్చు."

అప్పటికి లారీ ఇంకా మండీ ముందే ఆగి ఉంది.